పులికి మేనమామ

విరూపాక్షుడు కొండ దిగి వచ్చి గురువు ఎదుట నిలబడ్డాడు. పని పూర్తికానివాడు కూర్చోకూడదని ఆ ఆశ్రమంలో కట్టుబాటు.

"చిరుత ఎక్కడుంటోందో తెలిసిందా?" అన్నారు గుండయ్యస్వామి.

తెలియలేదు. ఆ కొండల్లో చిరుతలు అరుదైపోయాయి. ఎండాకాలం ముంచుకొస్తోంది. అవి ఉండే చోటు తెలిస్తే అక్కడి రాతి దొనలో నీళ్లు పోయవచ్చు. లేకుంటే దాహానికి కిందికి దిగి మందల మీద పడతాయి. గొర్రెల కాపరులు విషం కలిపిన మాంసం పెడతారు.

"కాపరులు అబద్ధాలకోర్లు స్వామీ! ఓబన్న గొర్రెల దొడ్డి పక్కనే చిరుత అడుగులున్నాయి. అతను మాత్రం దాన్ని చూడనే లేదంటాడు."

"నువ్వేమని అడిగావు?"

"చిరుతలు క్షేమమేనా అని."

స్వామి పకపకా నవ్వి కర్ర అందుకున్నారు.

ఓబన్న భార్య సుంకమ్మ దొడ్డికి వస్తున్న గురుశిష్యులను దూరం నుంచే చూసింది. "వచ్చినాడయ్యా పులికి మేనమామ! మేనకోడలికి సారె ఏం తెచ్చినాడో!"

విరూపాక్షుడి చెవులు ఎర్రబడ్డాయి. స్వామి మాత్రం, కాపరులు ఒకరికొకరు ఎదురుపడితే ముందుగా అడిగే మాటే అడిగారు.

"ఓబన్నా, మంద చల్లగుందా?"

ఓబన్న ఒక గొర్రెపిల్లను ఎత్తుకొచ్చాడు. "బొల్లి గొర్రెను ఎత్తుకపోయింది సామీ. దాని పిల్ల మిగిలింది."

స్వామి ఆ పిల్లను ఒళ్లోకి తీసుకుని, పాలల్లో తడిపిన గుడ్డ నోటికి అందించారు. శిష్యుడికి దొడ్డి కంపలో పడిన గండి చూపించారు.

విరూపాక్షుడు కంప కొట్టి తెచ్చాడు. చేతులు గీరుకుపోయాయి.

"అట్ల కాదు సామీ! మొదలు లోపలికి, ముల్లు బయటికి. పులి రావల్ల అనుకుంటివా, పోవల్ల అనుకుంటివా?" అని సుంకమ్మ విరగబడి నవ్వింది.

గండి పూడింది. అంబలి తాగి స్వామి లేచారు.

"స్వామీ, చిరుత సంగతి..." అని శిష్యుడు గొణిగాడు.

"పద," అన్నారు స్వామి.

నాలుగడుగులు వేశారో లేదో, వెనక నుంచి ఓబన్న పిలిచాడు. "సామీ! ఎర్రగుండు బండ కింద ఉంది. దానికీ ఒక పిల్ల ఉంది. దొన ఎండిపోయింది. నీళ్లు మోయను మా గాడిదను తోలుకపోండి." అని భార్య వైపు తిరిగాడు. "ఆ మందు పెట్టిన మాంసం పూడ్చెయ్యే."

మర్నాడు విరూపాక్షుడు నీళ్ల కుండలతో ఒక్కడే గాడిదను తోలుకుంటూ వచ్చాడు. దొడ్డి దగ్గర ఆగాడు. చిరుత మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అక్కా, పిల్ల పాలు తాగుతోందా?" అన్నాడు.

సుంకమ్మ పిల్లను ఎత్తి చూపించింది.

"ఓసేయ్, చూడు! ఇప్పటికి వచ్చినాడు నీ మేనమామ!"