వెనక్కి తిరిగిన నూకరాజు

గాజువాకలో నూకరాజు అని ఒక మెటల్ పాటగాడు ఉండేవాడు, వాడికి పాడేటప్పుడు వెనక్కి తిరిగి చూడటమంటే మహా నామోషీ.

మెటల్ పాటంటే ఏటో మీకు తెలీదు కదా? చెప్తాను, చెవులు గట్టిగా పట్టుకోండి. కంకర మిల్లులో పులిని పడేసి, ఆ పులి చేత పాట పాడిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మా బ్యాండు పేరు సమ్మెట. నూకరాజు గిటారు వాయిస్తూ పాడేవాడు. సన్యాసిరావు డ్రమ్ములు కొట్టేవాడు. నేను బేస్ గిటారు, అంటే లావు తీగల గిటారు, వాయించేవాణ్ణి. నాలాంటోడు మూడు జిల్లాల్లో ఇంకొకడు పుట్టలేదు. నేను తీగ లాగితే చెవి కన్నా ముందు కడుపుకి వినపడేది. ఓసారి బీచిలో వాయిస్తే సముద్రం జడుసుకుని పది గజాలు వెనక్కి పోయింది. నవ్వకండి, కావాలంటే వెళ్ళి సముద్రాన్నే అడగండి.

మండు వేసవిలో కూడా మేం నల్ల చొక్కాలే వేసుకునేవాళ్ళం. లోపల ఇడ్లీల్లా ఉడికిపోయినా పైకి మాత్రం నవ్వేవాళ్ళం కాదు. తుఫాను మీద ఒక పాట, కొలిమి మీద ఒక పాట, చిల్లరివ్వని బస్సు కండక్టరు మీద ఒక పాట ఉండేవి. నూకరాజు జుట్టు నడుం దాకా ఉండేది. దరువుకి తగ్గట్టు తల పైకీ కిందకీ విసిరాడంటే ముందు వరసలో వాళ్ళకి ఫ్యాను అక్కర్లేదు.

"మెటలోడు జనం కళ్ళలోకి చూడాల్రా. వెనక్కి తిరిగి చూసుకునేది అత్తారింటికెళ్ళే పెళ్ళికూతురు" అనేవాడు.

సన్యాసిరావు ఓడలు కట్టే చోట పదకొండేళ్ళు ఇనప రేకుల మీద సుత్తి కొట్టాడు. ఆ మోతకి వాడి చెవులు కొంచెం కొంచెంగా పోయాయి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. మేం ఎక్కే స్టేజీలన్నీ ఇనప గొట్టాల మీద చెక్కలు పరిచినవి. వాడు ఎడమ కాలి చెప్పు విప్పేసి అరికాలు చెక్క మీద ఆనించి కూర్చునేవాడు. నా బేస్ అదురు చెక్కలోంచి వాడి కాల్లోకి ఎక్కేది. అలా కాలితో విని డ్రమ్ములు కొట్టేవాడు. నా వాయింపు ఎంత గొప్పదో ఇప్పుడైనా నమ్ముతారా?

"నూకరాజుకి చెప్పకురా బావు. తెలిస్తే తీసీగలడు. నాకీ డ్రమ్ములు తప్ప ఇంకేటున్నాది?" అని సన్యాసిరావు నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఒట్టు వేశాను.

అయినా అప్పుడప్పుడూ దరువు తప్పేది. ఒకరోజు నూకరాజుకి ఒళ్ళు మండింది.

"ఏట్రా, బుర్ర ఇంటికాడ వదిలీసి వస్తున్నావా? ఇంకొక్కసారి తప్పిందంటే నీ పీట మీద పెందుర్తిలో డ్రమ్ములు కొట్టే కుర్రోడు కూచుంటాడు. చెప్పేను, అంతే" అని గిటారు సర్దుకుంటూనే అన్నాడు. వాడి మొహం గోడవైపు ఉంది, పెదాలు సన్యాసిరావుకి కనపడలేదు.

"ఏటన్నాడ్రా?" అని సన్యాసిరావు నన్నడిగాడు. చెప్పలేక చెప్పాను. వాడు డ్రమ్ము కర్రలు రెండూ చొక్కాకి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత వారమే విజయనగరం అవతల ఒక కాలేజీలో పోటీ. సాయంత్రం నాలుగయింది. కుర్రాళ్ళు ఇసకేస్తే రాలనట్టు ఉన్నారు. మేం గబగబా స్టేజీ ఎక్కాం. సన్యాసిరావు చెప్పు విప్పి కాలు కింద పెట్టాడు. మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టాడు. అది చెక్క కాదు, కొత్తగా పోసిన సిమెంటు గచ్చు. నేను ఎంత బాదినా ఆ గచ్చు పలకలేదు. సముద్రాన్నే తోలిన నా బేస్ ఆ గచ్చు దగ్గర ఓడిపోయింది.

మొదటి పాట ఎలాగో గట్టెక్కింది. రెండో పాటలో దరువు ఒకపక్కకి, పాట ఒకపక్కకి పోయాయి. జనం ఈలలేసి, "దిగండ్రా బాబూ, దిగండి!" అని అరిచారు. నూకరాజు ఆపేసి, జనాన్నే చూస్తూ పళ్ళు కొరికాడు. సన్యాసిరావు కర్రలు ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు.

నేను ఒట్టు తీసి గట్టున పెట్టాను. నూకరాజు దగ్గరికెళ్ళి చెవిలో అన్నాను. "వాడికి వినపడదురా! ఏడాదయింది. కాలితో వింటన్నాడు. ఇది సిమెంటు!"

ఎదురుగా వేలమంది జనం. నూకరాజు మైకు స్టాండుని ఎత్తి అటు తిప్పి పెట్టాడు. జనానికి వీపు చూపించి, సన్యాసిరావుకి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏటి గురూ, మా మొహాలు నచ్చలేదా?" అని ఎవడో అరిచాడు. నూకరాజు పాట మళ్ళీ ఎత్తుకుని, దరువుకి తగ్గట్టు తల దించాడు. జుట్టు నేలకేసి కొట్టినట్టు పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. సన్యాసిరావు ఆ జుట్టునే చూశాడు. జుట్టు పడిన చోటల్లా దెబ్బ వేశాడు. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. నూకరాజు పాట చివరిదాకా అటే తిరిగి పాడాడు. వెక్కిరించినవాళ్ళు కూడా చివరికి తలలూపడం మొదలెట్టారు.

బహుమతి మాకు రాలేదు. స్టేజీ దిగాక నూకరాజు సన్యాసిరావు రెండు చెవుల మీదా చేతులు పెట్టి, మొహంలో మొహం పెట్టి అడిగాడు.

"ఏడాదిపాటు నాకెందుకు చెప్పలేదురా?"

పెదాలు చూసి సన్యాసిరావుకి అర్థమైంది.

"నువ్వెప్పుడు తిరిగేవురా, చెప్పడానికి?" అన్నాడు.

నల్ల చొక్కా వేసుకున్నోడు ఏడవకూడదని నూకరాజే రూలు పెట్టాడు. ఆ రూలు వాడే తప్పాడు, నేనూ తప్పాను.

తర్వాత తొమ్మిదేళ్ళు సన్యాసిరావే మాకు డ్రమ్ములు కొట్టాడు. నూకరాజు ప్రతి పాటా వాడివైపు తిరిగే పాడాడు. ఇప్పుడు గాజువాకలో కొత్త బ్యాండ్ల పిల్లలు కూడా ఒక పాట జనానికి వీపు పెట్టి పాడతారు. ఎందుకని అడిగితే, "ఇక్కడ మెటలంటే అంతే మావా" అంటారు.

నీతి ఏటంటే పిల్లలూ, ఎంత గొప్పగా ముందు నిలబడ్డా, మన వెనక ఉండి మనల్ని నిలబెట్టేవాళ్ళని తిరిగి చూడాలి. వాళ్ళు చెప్పలేని కష్టం అలా చూస్తేనే కనపడుతుంది.