ముల్లు లేని మిడత

ఇద్రీస్ బాధల్లా ఒక్కటే. చేప నీళ్లపైకి లేస్తోంది, చేతికి మాత్రం చిక్కడం లేదు.

అది మామూలు చేప కాదు. కశ్మీరు కొండల్లో, మంచు కరిగి పారే ఏటి మలుపు దగ్గర, విల్లో చెట్టు వేళ్ల కింద కాపురమున్న ట్రౌట్. మూరెడు పొడుగు, ఒళ్లంతా ఎర్రచుక్కలు. ఆ ఏట్లో గాలం వేసేవాళ్లంతా దాన్ని మర్యాదగా 'పెద్దాయన' అనేవారు.

ఇద్రీస్ కింది పట్నం వాడు. దేవుడి దారి నేర్చుకుందామని షేక్ కమాలుద్దీన్ దగ్గరికి కొండెక్కి వచ్చాడు. వచ్చి ఏళ్లయింది. చదవాల్సినవన్నీ చదివాడు. చేతిలో తస్బీ జపమాల తిరుగుతూనే ఉండేది. నిద్రలో కూడా పూసలు జరుపుతాడని తోటి శిష్యులు ఏడిపించేవారు. అతను దాన్ని పొగడ్తగానే పుచ్చుకునేవాడు. రోజుకెన్ని వేలసార్లు అల్లా నామం తలుస్తాడో అడిగినవాళ్లకి చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

పట్నంలో వాళ్ల పేట జనం అతని కోసం కాచుకుని ఉన్నారు. వాళ్లకు నాలుగు మంచిమాటలు చెప్పే పెద్ద గురువు కన్నుమూశాడు. ఆయన గదికి సున్నం వేయించి, కొత్త తివాచీ పరిచి ఉంచారు. గడ్డి కోతలు అయ్యేలోపు వచ్చేస్తానని ఇద్రీస్ మాటిచ్చేశాడు. షేక్ ఇంకా అనుమతి ఇవ్వలేదన్న సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు.

షేక్ అనుమతి ఇచ్చే తీరులో హంగూ ఆర్భాటం ఉండవు. "మూట కట్టుకో" అంటాడు. అంతే. ఆ మాట విన్నవాడు తన ఊరు వెళ్లి పదిమందికి చెప్పొచ్చు. కిందటేడు హబీబ్ అనే నత్తివాడు గిన్నెలు తోముతుంటే షేక్ ఆ మాట అన్నాడు. హబీబ్ మసిచేతులతోనే ఏడ్చాడు. ఇద్రీస్‌కి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. నత్తివాడికి వచ్చింది తనకెందుకు రాలేదు?

వేసవి మొదట్లో ఉండబట్టలేక అడిగేశాడు.

"హజ్రత్, నాకెప్పుడు?"

షేక్ గాలపు కర్రకి దారం చుట్టుకుంటున్నాడు. గాలం వెయ్యడమంటే ఆయనకు ప్రాణం. పురుగుని గుచ్చడు. ఈకలూ నూలూ కలిపి గాలపు ముల్లుకి ఉత్తుత్తి ఈగ కట్టి నీళ్లమీదికి విసురుతాడు. శిష్యులందరికీ ఆ విద్య నేర్పాడు.

"పెద్దాయన్ని పట్టుకురా. అప్పుడు చూద్దాం" అన్నాడు. "రెండు సంగతులు గుర్తుపెట్టుకో. ఎండ ఏట్లో పడ్డాక గాలం తీసెయ్యాలి. నీళ్లు వేడెక్కితే చేపకి ఊపిరాడదు, అప్పుడు దాన్ని ఆడించావంటే వదిలిపెట్టినా బతకదు. ఇక రెండోది. చేప లేచి ఈగని అందుకోగానే 'యా లతీఫ్' అని ఒక్కసారి నిదానంగా అను. అన్నాక కర్ర లేపు."

యా లతీఫ్ అంటే ఓ సూక్ష్ముడా, ఓ దయామయుడా అని దేవుణ్ణి పిలవడం. ఇద్రీస్‌కి నవ్వొచ్చింది.

"ఒక్కసారేనా హజ్రత్? రోజూ వేలసార్లు అంటున్నానుగా."

"అయితే నీకు తేలికే" అన్నాడు షేక్.

తేలిక కాలేదు. వేసవి మొదట్లో మంచునీళ్లు పాలలా తెల్లగా పొంగి వచ్చేవి. ఆ నీళ్లలో చేపకి కనబడాలని ఇద్రీస్ నల్లకోడి ఈకలతో లావుపాటి ఈగ కట్టాడు. పెద్దాయన లేచాడు. ఇద్రీస్ చెయ్యి ఎగిరిపడింది. ఈగ ఉత్తినే గాల్లోకి లేచి అతని చెవి పక్కనుంచి వెనక్కి పోయింది.

తర్వాత నీళ్లు తేరుకుని అద్దంలా అయ్యాయి. దారం సన్నం చేశాడు. గోటి కొన అంత ఉత్తుత్తి చీమ కట్టాడు. నీడ పడకుండా గట్టు మీద బోర్లా పాకాడు. చొక్కా ముందుభాగమంతా బురద. పెద్దాయన మళ్లీ లేచాడు! మళ్లీ చెయ్యి ఎగిరింది. చీమ వెళ్లి చెట్టుకొమ్మకి తగులుకుంది.

అలా వేసవంతా గడిచింది. పేడపురుగు కట్టాడు, సాయంత్రం నీళ్లమీద ఎగిరే తెల్లపురుగు కట్టాడు, వంటగది పిల్లి తోకలోంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించి ఏదో పేరులేని పురుగు కూడా కట్టాడు. ఆ పిల్లి మళ్లీ అతని దరిదాపుల్లోకి రాలేదు. ప్రతిసారీ పెద్దాయన రావడం, నోరు తెరవడం, ఇద్రీస్ లాగెయ్యడం, ఈగ ఖాళీగా తిరిగిరావడం. తిరిగొచ్చాక ఒకటే ప్రశ్న.

"ఏ ఈగ కట్టమంటారు హజ్రత్?"

"ఏదైనా పర్లేదు" అనేవాడు షేక్. "పేరు తలిచావా?"

"ఆ తొందరలో..." అని నసిగి ఇద్రీస్ మళ్లీ ఈకల డబ్బా తెరిచేవాడు.

గడ్డి కోతలు వచ్చేశాయి. ఆఖరి మడి కోసే రోజున తెల్లవారగానే ఎప్పటిలాగే షేక్ కూడా ఏటికి వచ్చి రాయిమీద కూర్చున్నాడు. పట్నానికి ఇచ్చిన మాట గడువు ఆ రోజే. తూర్పు కొండ వెనకాల ఆకాశం అప్పటికే పసుపెక్కింది. ఎండ కొండ దాటిందంటే గాలం కట్టెయ్యాల్సిందే.

అవతలి గట్టున గడ్డి కోసేవాళ్లు వరసగా దిగారు. కొడవళ్లు కదిలేసరికి గడ్డిలోంచి మిడతలు చిటచిటా ఎగిరాయి. గాలికి కొన్ని ఏట్లో పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. విల్లో చెట్టు కింద నీళ్లు ఉబ్బాయి. బుళుక్! ఒక మిడత మాయమైంది. బుళుక్! ఇంకొకటి.

"మిడత! మిడత హజ్రత్! ఇన్నాళ్లూ దీనికి కావలసింది ఇదీ!"

ఇద్రీస్ ఈకల డబ్బా తెరిచాడు. ఎండుగడ్డి రంగు ఈకలతో తను కట్టుకున్న మిడత తీశాడు. ముడి రెండుసార్లు జారింది. తిట్టుకుని మూడోసారి బిగించాడు. చెట్టుకి దిగువన మోకాళ్లమీద కూర్చుని ప్రవాహానికి ఎదురుగా విసిరాడు. ఎంత చక్కగా పడిందంటే, అవతల కోసేవాళ్లలో ఒకడు కొడవలి ఆపి "వహ్వా!" అన్నాడు.

పెద్దాయన వచ్చాడు. ఈసారి మొత్తం కనిపించాడు. ఎర్రచుక్కలు, పసుపు పొట్ట, తెల్లటి నోరు...

ఇద్రీస్ లాగేశాడు.

మిడత గిర్రున ఎగిరి వచ్చి అతని టోపీకే గుచ్చుకుంది. అవతల "వహ్వా" అన్నవాడు మర్యాదగా తల తిప్పుకుని కోత మొదలెట్టాడు.

ఇద్రీస్‌కి ఏడుపొక్కటే తక్కువ. వచ్చి గురువు ముందు కూలబడ్డాడు.

"నావల్ల కాదు హజ్రత్. ఇంకే ఈగ ఉందో మీరే చెప్పండి."

"ఇలా ఇవ్వు" అన్నాడు షేక్.

టోపీలోంచి మిడతని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎంత బాగా కట్టావు బేటా. కాళ్లు కూడా పెట్టావే" అని మనసారా మెచ్చుకున్నాడు. జేబులోంచి చిన్న పట్టకారు తీసి ముల్లు వంపు దగ్గర పట్టి టక్కున విరిచేశాడు. మిడత మిగిలింది, ముల్లు పోయింది.

"ఇప్పుడు వెయ్యి."

ఇద్రీస్ నోరు తెరిచాడు. "ముల్లు లేకుండా చేప ఎలా పడుతుంది?"

"పడదు. వెయ్యి. ఎండ వచ్చేస్తోంది."

ఇద్రీస్ వెళ్లాడు గానీ, కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. ఇక పట్నం లేదు, తివాచీ లేదు, ఏమీ లేదు అనుకున్నాడు. చెయ్యి చచ్చుబడ్డట్టుంది. ఆ నీరసం చేత్తోనే విసిరాడు. దారం మెల్లగా విప్పుకుని మిడత చెట్టునీడలో మెత్తగా వాలింది.

నీళ్లు ఉబ్బాయి.

పెద్దాయన నిదానంగా పైకి తేలాడు. ఎంత నిదానంగా! ఇన్నాళ్లూ మెరుపులా వస్తాడనుకున్నాడు ఇద్రీస్. తొందరంతా తనదేనా? చేప మిడత కిందికి వచ్చి ఆగింది. దాంతోపాటు నాలుగు వేళ్ల దూరం దిగువకి జారింది, చూసింది. తెల్లటి నోరు తెరిచింది. మిడత దానంతటదే లోపలికి పోయింది. నోరు మూసుకుంది. తల కిందికి వంగింది, వీపు కనిపించింది, తోక ఒక్కసారి ఊగింది.

లాగడానికి ఏమీ లేదు. ఇద్రీస్ చూస్తున్నాడు. ఒళ్లు ఝల్లుమంది.

"యా లతీఫ్!"

అది తన గొంతేనని అతనికి కాసేపటికి గాని తెలియలేదు. అతను అనాలని అనలేదు. తస్బీ ఎక్కడో రాళ్లమీద పడి ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

అవి ఉత్త ఈకలేనని తెలుసుకుని చేప మిడతని ఉమ్మేసింది. అది తేలుతూ తేలుతూ అతని మోకాళ్ల దగ్గరికి వచ్చింది.

"చూశారా హజ్రత్! చూశారా! దాని కన్ను కనిపించింది! బంగారపు కన్ను! ఎంత నిదానంగా తిందో... అబ్బ! వేసవంతా నేనే, నేనే దాని నోట్లోంచి లాగేసుకున్నాను!"

చిన్నపిల్లాడిలా నీళ్లలో గంతులేశాడు. అవతలి గట్టువాళ్లు, చేప తప్పినందుకు ఇంత సంబరమేమిటని, కొడవళ్లు పట్టుకుని నిలబడిపోయారు.

షేక్ లేచి వచ్చాడు. తలపాగా మడతలోంచి ఇంకో మిడతని తీసి అరచేతిలో పెట్టి చాపాడు. దీనికి ముల్లుంది.

"ఇదిగో. చేప అక్కడే ఉంది. ఇప్పుడు నీకు తెలుసు కదా."

అప్పుడే విల్లో చెట్టు కింద బుళుక్కుమని ఇంకో మిడత మాయమైంది. ఇద్రీస్ చెయ్యి ముందుకు వచ్చింది. పట్నంలో సున్నం వేసిన గది గుర్తొచ్చింది. ఇక ఒక్క విసురు చాలు.

అతని చూపు ఏటిమీదికి మళ్లింది. తూర్పు కొండమీంచి ఎండ జారి అవతలి గట్టు దాటి నీళ్లలోకి దిగింది. అడుగునున్న రాళ్లు మెరుస్తున్నాయి. వేసవంతా ఆ మెరుపు చూసి "ఇక చాలు బేటా" అని షేక్ అనడం, "ఒక్కసారి హజ్రత్, ఇంకొక్కసారి" అని ఇద్రీస్ బతిమాలడం రోజూ ఉన్నదే.

ఇద్రీస్ వంగి నీళ్లలో వేళ్లు ముంచాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత గురువుగారి వేళ్లని ఆ మిడతమీదికి మెల్లగా మూసేశాడు.

"ఎండ వచ్చేసింది హజ్రత్" అన్నాడు. "దాన్ని పడుకోనిద్దాం."

దారం చుట్టుకున్నాడు. ముల్లు లేని మిడతని టోపీ అంచులో దోపుకున్నాడు. రాళ్లమీద పడున్న తస్బీని తీసుకున్నాడు గానీ తిప్పలేదు, జేబులో వేసుకున్నాడు.

షేక్ గట్టెక్కి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మూట కట్టుకో బేటా."