కంపెనీ అనే మాట

ఇలియాస్ మాట్లాడడానికి లేచి నిలబడితే చాలు, జనం లేచి వెళ్ళిపోతున్నారు.

ఏదో ఒకసారి అయితే పనులున్నాయి కాబోలు అనుకోవచ్చు. ప్రతి గురువారం ఇదే తంతు. గొంతు సవరించుకుని "సోదరులారా" అనేలోపు సగం మంది చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి చేరతారు. రెండో మాట అనేలోపు చెప్పులు వెతుక్కుంటారు. తలెత్తి అతని మొహం చూసే మనిషి ఒక్కడూ ఉండడు. చివరికి దర్గా వసారాలో ఇలియాస్, అతని నినాదాలు, నాలుగు కాకులు మిగులుతాయి.

దర్గా ఒక నాపరాతి గుట్ట కింద ఉంది. గుట్ట అడుగున ఊట ఉంది. చుట్టుపక్కల పల్లెల బావుల్లోకి నీళ్ళు అక్కడి నుంచే దిగుతాయి. ఆ గుట్టను పలకలుగా కోసి లారీలకెత్తుకుంటామని ఇప్పుడొక కంపెనీ వచ్చింది. సోమవారం మండలాఫీసు ముందు షామియానా వేసి ప్రజల అభిప్రాయం అడుగుతారట. చెప్పేవాడు లేకపోతే ఎవరికీ అభ్యంతరం లేదని రాసుకుంటారు. పక్క తాలూకాలో అలాగే ఖాళీ కుర్చీలను అడిగి గుట్టనిచ్చేశారు. గుట్ట ఉన్నచోట ఇప్పుడు గుంత ఉంది. బావుల్లో చేద వేస్తే బురద కూడా అంటదు.

అది తల్చుకుంటే ఇలియాస్‌కు ఒళ్ళు మండిపోతుంది. పట్నంలో హాస్టల్లో ఉండి ఇంగ్లీషు ఎమ్మే చదివాడు. ఏయే దేశాల్లో ఎవరెవరు తిరగబడ్డారో అన్నీ చదివాడు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోకుండా ఈ దర్గాకు వచ్చి ఖాదర్ షా హజ్రత్ దగ్గర శిష్యుడిగా చేరాడు. ప్రజల మధ్య బతకాలంటే ఇంతకన్నా మంచి చోటు ఉండదనుకున్నాడు. నిజమే, ప్రజలున్నారు. వినేవాళ్ళే లేరు.

గురువారం మధ్యాహ్నం దర్గాలో అందరికీ అన్నం పెడతారు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు, పొలం పనుల నుంచి వచ్చినవాళ్ళు, ఏ మతమైనా, ఏ కులమైనా. ఖాసింబీ అన్నం, దాల్చా అనే పప్పుపులుసు వండుతుంది. విడివిడి కంచాలు ఉండవు. తబకు అని పెద్ద ఇత్తడి పళ్ళెం. దాన్ని మధ్యలో పెట్టుకుని నలుగురేసి చుట్టూ కూర్చుంటారు. ఎవరి ముందున్నది వాళ్ళు తింటారు. హజ్రత్ గురువారాలు రోజా ఉపవాసం ఉంటారు గనక లోపల గదిలోనే ఉండిపోతారు. ఆయన బదులు దర్గా తరఫున వచ్చినవాళ్ళతో కూర్చునేది ఇలియాసే. ఆ పని హజ్రతే అప్పగించారు.

ఇలియాస్‌ది హాస్టల్ తిండి. మెస్సులో బెల్లు కొట్టేలోపు కంచం ఊడ్చెయ్యడం అలవాటైన చెయ్యి. ఇక్కడా అంతే. గబగబా తినేసి, లేచి, చెయ్యి కడుక్కుని, స్తంభం పక్కన నిలబడి మొదలుపెడతాడు.

అతని ప్రసంగమంతా ఒకే మాట చుట్టూ తిరుగుతుంది. కంపెనీ. ఆ మాట చరిత్ర తెలిస్తే గుట్టలో రాయి కూడా పిడికిలి బిగిస్తుందని అతని నమ్మకం. లాటిన్‌లో ఆ మాటకు రెండు ముక్కలున్నాయి. ఒకటి తోడు, ఇంకొకటి రొట్టె. కలిసి రొట్టె తినేవాళ్ళు, అదీ మొదటి అర్థం. ఫ్రెంచివాళ్ళ నోటి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. సైనికుల దళమైంది. ఊరూరా తిరిగే నాటకాల మేళమైంది. ఇంటికొచ్చిన చుట్టాలయ్యారు, కబుర్లకు కూర్చున్న స్నేహితులయ్యారు. ఓడలెక్కిన వర్తకుల గుంపైంది. ఆ గుంపే మన తాతల నోట్లో కుంపిణీ అయి, మన నెత్తినెక్కి కూర్చుంది. రొట్టె పంచుకునేవాళ్ళ మాటను రొట్టె లాక్కునేవాళ్ళు ఎత్తుకుపోయారు. భూమికన్నా ముందు వాళ్ళు ఆక్రమించింది మాటను. కాబట్టి పోరాటం మాట దగ్గరే మొదలుకావాలి.

ఇంత నిప్పులాంటి ప్రసంగం. వినడానికి మనుషులేరీ?

పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి చూశాడు. అక్కడ ఇంకో రకం తలనొప్పి. కంపెనీ అనగానే ఒకాయన తన కాలు పైకెత్తి, ఈ చెప్పులు కంపెనీవి, సంత సరుకు కాదు అని చూపించాడు. ఇంకొకాయన చిన్నప్పుడు ఊరికొచ్చిన సర్కస్ కంపెనీలో ఏనుగు ఎలా కుర్చీ ఎక్కిందో వర్ణించడం మొదలుపెట్టాడు. మూడో ఆయన కన్ను కొట్టి, సాయంత్రం కల్లంగడికి కంపెనీ ఇస్తావా అని అడిగాడు. సుంకన్న అనే పళ్ళులేని ముసలాయన ఒక్కడే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నాడు. ఇలియాస్‌కు ప్రాణం లేచొచ్చింది. అంతా విన్నాక సుంకన్న అడిగాడు.

"రొట్టె అంటాండావు గదా అబ్బీ, జొన్నదా, సజ్జదా?"

ఇలియాస్ మళ్ళీ ఆ వీధికి పోలేదు.

బుధవారం సాయంత్రం వచ్చి హజ్రత్ ముందు కూలబడ్డాడు. కడుపులో ఉన్నదంతా కక్కాడు. వీళ్ళకు చైతన్యం లేదన్నాడు. అన్నం కోసం వస్తారు, మాట మొదలుపెట్టగానే పారిపోతారు. పైగా తబకుల్లో సగం అన్నం వదిలేసి మరీ పారిపోతారు. అంత వెగటా తన మాటంటే? ఐదు రోజుల్లో గుట్ట చేజారిపోతుంటే వీళ్ళకు నిద్ర ఎలా పడుతోంది? చరిత్ర వీళ్ళను క్షమించదు.

హజ్రత్ చేతిలో జపమాల పూసలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. చరిత్ర సంగతి ఆయన పట్టించుకున్నట్టు లేదు.

"మీరు ఒక్క మాట చెప్పండి హజ్రత్. మీరు పిలిస్తే వస్తారు."

"నేను పిలిస్తే నా కోసం వస్తారు," అన్నారాయన. "గుట్ట కోసం కదా రావాల్సింది."

"నేను గుట్ట కోసమే పిలుస్తున్నాను. వినరు."

"ఎప్పుడు పిలుస్తున్నావు?"

"భోజనాల దగ్గర. అందరూ ఒకచోట ఉండేది అప్పుడే."

పూసలు ఆగాయి. ఆ కంపెనీ మాట సంగతేమిటో తనకూ చెప్పమన్నారు హజ్రత్. ఇలియాస్ లేచి కూర్చుని లాటిన్ దగ్గర ఎత్తుకుని కుంపిణీ దాకా చెప్పాడు. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

"మంచి మాట," అన్నారు అంతా విని. "రేపు నేనూ మీతో తింటాను."

"రేపు మీకు రోజా కదా."

"అతిథులుంటే మానుకోవచ్చు."

ఇలియాస్‌కు ఆ రాత్రి సంతోషం పట్టలేదు. హజ్రత్ రేపు స్వయంగా నోరు విప్పుతారు. ఆయన మొదలుపెడితే తను అందుకోవచ్చు. పడుకుని కూడా ప్రసంగానికి మెరుగులు దిద్దుకున్నాడు.

మర్నాడు హజ్రత్ వసారాలోకి రాగానే జనం సర్దుకుని చోటిచ్చారు. ఆయన వచ్చి ఇలియాస్‌కు ఎదురుగా, అదే తబకు ముందు కూర్చున్నారు. ఒక పక్క సుంకన్న, ఇంకో పక్క అతని మనవడు మద్దిలేటి. ఖాసింబీ అన్నం కుప్పగా పోసి, పైన దాల్చా వంచింది. పళ్ళులేని సుంకన్న తన వైపు అన్నాన్ని మెల్లగా వేళ్ళతో మెదపడం మొదలుపెట్టాడు. హజ్రత్ కూడా తొందరపడే మనిషి కాదు. చిన్న చిన్న ముద్దలు.

ఇలియాస్ తన వంతు ముగించి లేచాడు.

హజ్రత్ చేతిలో ముద్ద నోటిదాకా వచ్చింది. ఆయన దాన్ని మళ్ళీ తబకులో పెట్టేసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సుంకన్న వేళ్ళు దులుపుకున్నాడు. మద్దిలేటి తల వంచుకుని లేచాడు. పక్క తబకు వాళ్ళు లేచారు, దాని పక్కవాళ్ళు లేచారు. ఇలియాస్ స్తంభం దగ్గరికి వెళ్ళి తిరిగి చూసేసరికి తొట్టి దగ్గర జనం. వాళ్ళ మధ్య హజ్రత్, చేతులు కడుక్కుంటూ.

"సోదరులారా," అన్నాడు ఇలియాస్. ఆ మాట వెళ్ళిపోతున్న వీపులకు తగిలి కింద పడింది.

అందరూ పోయాక అతను హజ్రత్ దగ్గరికి వచ్చాడు. ఆయన గోడకానుకుని కూర్చుని ఉన్నారు.

"మీరూ లేచిపోయారు."

"నువ్వు లేచావు కదా," అన్నారు హజ్రత్.

"నాది అయిపోయింది, లేచాను."

ఆయన మొహం వాడిపోయి ఉంది. నిన్న రాత్రి తిన్న మనిషి, పొద్దున కూడా ఏమీ ముట్టలేదని ఇలియాస్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఎంత కోపమున్నా గురువు గురువే. అన్నం తెస్తానన్నాడు.

"భోజనాలు అయిపోయాయి బేటా."

"బోలెడు మిగిలింది హజ్రత్."

"దర్గా మనిషి లేచాడు. ఇంక ఎవరు తింటారు?"

ఇలియాస్ వసారా వైపు చూశాడు.

తబకులు ఇంకా తీయలేదు. తను కూర్చున్న దాంట్లో తన వైపు ఇత్తడి మెరుస్తోంది. ఒక్క మెతుకు లేదు. మిగతా మూడు వైపులా అన్నం చాలావరకు పోసింది పోసినట్టే ఉంది. సుంకన్న వైపు మాత్రం మెదిపి మెదిపి మెత్తగా చేసుకున్న చిన్న ముద్ద ఒకటి ఉంది. నోటిదాకా పోనిది. పక్క తబకులూ అంతే. మొన్నటి గురువారం కూడా ఇంతే. అంతకు ముందు గురువారం కూడా.

ఆకలిగా ఉందని, కాస్త ఆగమని, అన్నం పెట్టేవాడితో ఎవరంటారు?

అతను చెప్పులు కూడా వేసుకోకుండా బాట వెంట పరుగెత్తాడు.

మలుపులో బోరింగు దగ్గర జనం కనబడ్డారు. మద్దిలేటి బోరింగు కొడుతుంటే సుంకన్న దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్నాడు. కడుపు నింపుకోవడానికి తాగే తాగుడు అది. ఇంకా కొందరు వంతు కోసం నిలబడి ఉన్నారు. ఇలియాస్‌ను చూసి అందరూ కళ్ళు దించుకున్నారు. తప్పు వాళ్ళదైనట్టు.

ఇలియాస్‌కు రొప్పు. చదివిన పుస్తకాల్లో ఒక్క వాక్యమూ సాయానికి రాలేదు.

"పెద్దాయనా, అన్నం చల్లారిపోతోంది. రండి."

సుంకన్న మూతి తుడుచుకున్నాడు. అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"నీ మాటలు అయిపోయినాయా అబ్బీ?"

"అయిపోయినాయి."

"అట్లయితే పదండిరా," అన్నాడు సుంకన్న. దూరం పోయినవాళ్ళను మద్దిలేటి కేకేసి పిలిచాడు.

మళ్ళీ కూర్చున్నారు. ఇలియాస్ వైపు ఖాళీ ఇత్తడి. హజ్రత్ తన ముందున్న అన్నంలో కొంత అటు తోశారు. మద్దిలేటి కూడా చూసీ చూడనట్టు ఒక పిడికెడు జరిపాడు. ఖాసింబీ వేడి దాల్చా తెచ్చి పోస్తూ, ఈ పూటన్నా అన్నం నేలపాలు కాకుంటే చాలని గొణుక్కుంది.

ఇలియాస్‌కు జీవితంలో అంత కష్టమైన భోజనం లేదు. సుంకన్న తినడమంటే ఒక పూట పని. మెదపాలి, నానబెట్టాలి, చిగుళ్ళ మధ్య పెట్టుకుని ఆ చెంప నుంచి ఈ చెంపకు తిప్పాలి, మింగాలి. మింగాక ఒక కథ చెప్పాలి. ముందు ఈనలేక ఈనిన బర్రె కథ చెప్పాడు. తర్వాత అల్లుడి కథ. ఇలియాస్ ఒక్కొక్క మెతుకే ఏరుకుని తిన్నాడు. లోపల ఉడికిపోతున్నా కాలు కదపలేదు.

అల్లుడి తర్వాత ఊట వచ్చింది. తను చిన్నగా ఉన్నప్పటి కరువులో అన్ని బావులూ ఎండిపోతే, ఈ గుట్ట ఊట దగ్గర తన తల్లి రాత్రంతా ముంత పట్టుకుని కూర్చునేదట. మద్దిలేటి ఆ మాట ఎప్పుడూ విననట్టు తినడం ఆపాడు. మరి గుట్టను కోసేస్తే ఊట ఏమవుతుందని అడిగాడు. ఏమయితుంది, పోతాది అన్నాడు సుంకన్న. పక్క తబకులో ఒకాయన, పక్క తాలూకాలో తన చెల్లెలి ఊళ్ళో అట్లాగే పోయిందని చెప్పాడు. ఆ కంపెనీ వాళ్ళేనా అని ఇంకొకాయన అడిగాడు. కంపెనీలన్నీ ఒకటేనని మరొకాయన తేల్చేశాడు.

అన్నీ ఒకటి కావు, ఆ మాట అసలు ఎక్కడ పుట్టిందంటే, అని ఇలియాస్ నాలుక చివరిదాకా వచ్చింది. ముద్ద పెద్దది చేసి నోట్లో కుక్కుకున్నాడు.

సుంకన్న తన వైపు ఇత్తడిని వేలితో తుడిచి నాకాడు. నీళ్ళు తాగి, అతని వైపు తిరిగాడు.

"సోమవారమని ఏందో చెప్తాంటివి గదా. ఎన్ని గంటలకు?"

"పదింటికి, పెద్దాయనా."

"మాట్లాడేది రాదు నాకు."

"మీ అమ్మ ముంత సంగతి చెప్తే చాలు."

సుంకన్న తలూపాడు. సరే, వస్తాలే అన్నాడు. మద్దిలేటి ట్రాక్టర్ అడుగుతానన్నాడు. తన చెల్లెలిని కూడా తీసుకొస్తానన్నాడు పక్క తబకాయన. ఆ మాట వసారా అంతా పాకింది. ఒకరు ఎద్దుల సంత మానుకుంటామన్నారు, ఒకరు ఆడవాళ్ళను కూడా బయల్దేరదీస్తామన్నారు.

ఇలియాస్ గుండె పొంగింది. నేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా గొంతులోకి ఎగబాకాయి. ఇప్పుడు చెప్తే వింటారు. అతను అరచెయ్యి నేలకానించి లేవబోయాడు.

హజ్రత్ తబకు మీది నుంచి తల ఎత్తలేదు.

"ఖాసింబీ ఇంకా తినలేదు," అన్నారు.

ఇలియాస్ కూర్చున్నాడు.