అందరికీ సరేనన్న మాస్టారు

గంగన్నపేట డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే తవిటినాయుడు మాస్టారు చాలా మంచివాడు, కానీ ఎవరేమడిగినా కాదని చెప్పలేకపోయేవాడు.

తోటి మాస్టారికి సెలవు కావాలంటే ఆయన క్లాసులు కూడా తనే తీసుకునేవాడు. ఒకే ఆదివారం రెండు పెళ్లిళ్లకూ ఒక గృహప్రవేశానికీ వస్తానని మాటిచ్చేవాడు. అన్నిచోట్లకూ ఆలస్యంగా వెళ్లి, అన్నిచోట్లా క్షమాపణ చెప్పుకునేవాడు. "ఒకరి మనసు నొప్పించడం నావల్ల కాదండీ" అనేవాడు. అలాంటి మనిషిని మెచ్చుకోవడం తేలిక. ఆయన చేత పని చేయించుకోవడం ఇంకా తేలిక. అందుకే కాలేజీలో ఏ కార్యక్రమం జరిగినా ఆ బరువు ఆయన మీదే పడేది.

ఆ ఏడు వానాకాలంలో హైదరాబాదు నుంచి ఒక కబురు వచ్చింది. అక్కడి ఇండియా జపాన్ స్నేహసంఘం వాళ్లు మోరికావా అనే ఒక జపాన్ టీచరమ్మను తీసుకుని చిన్న ఊళ్ల కాలేజీలన్నీ తిరుగుతున్నారు. ఆవిడ పిల్లలను చాపల మీద కూర్చోబెట్టి, తమ దేశంలో అతిథికి టీ చేసి ఇచ్చే పద్ధతి నేర్పుతుంది. ఒకరు టీ చేయాలి, ఎదురుగా కూర్చున్నవాళ్లు తాగాలి. తర్వాత వీళ్లు చేయాలి, వాళ్లు తాగాలి. పిల్లలు ఆ పనిలో ఉండగా ఆవిడ గమనిస్తుంది, ఒక్కొక్కరితో కాసేపు మాట్లాడుతుంది. వాళ్లలో ఒకరిని ఏడాదిపాటు జపాన్‌లో చదువుకోవడానికి ఎంచుకుంటుంది. రాత పరీక్ష లేదు, సిఫార్సు లేదు. ఖర్చంతా సంఘానిదే. షరతు ఒక్కటే. ఆ రోజుకి కాలేజీలో చదువుతున్నవాళ్లే అర్హులు.

మాస్టారు ఆ కబురు ముందుగా హైమావతికి చెప్పాడు. ఆమె డిగ్రీ ఆఖరి ఏడు చదువుతూ ఉండేది. కాలేజీకి వచ్చే బస్సులో ఫోన్ చూసి, ఎవరూ నేర్పకుండానే జపాన్ భాష నేర్చుకుంది. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది. చదువైపోగానే హైమ కూడా అక్కడే చేరాలని ఇంట్లో అనుకున్నారు.

కబురు విన్న రోజు నుంచీ హైమ ఇంట్లో సాధన మొదలుపెట్టింది. ఆ టీ పొడిని వెదురు కుంచె లాంటి దానితో నురగ వచ్చేదాకా గిలకొట్టాలట. కుంచె లేదు కాబట్టి చిన్న కవ్వం తీసుకుని, స్టీలు గిన్నెలో వేడినీళ్లు పోసి గిలకొట్టేది.

"మజ్జిగ చిలకడానికి జపాన్ దాకా ఎందుకే? నానిక్కడే చాలినంత ఇస్తాను కదా!" అని తల్లి నవ్వేది.

"మజ్జిగ కాదమ్మా, చదువు" అనేది హైమ.

ఇంతలో ప్రిన్సిపాల్ మాస్టారిని పిలిచాడు. "జపాన్ వాళ్లు వస్తుంటే మన అభివృద్ధి కమిటీ అధ్యక్షుడు గోవిందరావుగారు లేకపోతే ఏం బాగుంటుందయ్యా? రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోతారు."

"అలాగేనండీ" అన్నాడు మాస్టారు.

సాయంత్రం గోవిందరావే ఫోన్ చేశాడు. "మాస్టారూ, మా బావగారు కూడా వస్తానంటన్నారు. ఆయనకీ ఓ కుర్చీ వేయించండి. మాట్లాడమంటే సంతోషిస్తారు."

"తప్పకుండానండీ."

మర్నాడు పూర్వవిద్యార్థుల సంఘం వాళ్లు వచ్చారు. "శాలువాలు మేమే తెచ్చుకుంటాం. టీచరమ్మకి కప్పడానికి కాస్త టైమిస్తే చాలు" అన్నారు. మాస్టారు తలూపాడు. ఇంగ్లిషు మేడమ్ తన పిల్లల చేత స్వాగత నృత్యం చేయిస్తానంది. దానికీ తలూపాడు.

తర్వాత హైదరాబాదు నుంచి ఉషశ్రీ మాట్లాడింది. మోరికావా మాటలు తెలుగులో చెప్పడానికి వెంట వచ్చే అమ్మాయి ఆమె. "మాస్టారూ, మేం మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోవాలి. మర్నాడు ఒడిశాలో ఇంకో కాలేజీ ఉంది. పిల్లలతో పనికి రెండు గంటలైనా కావాలి. మిగతావి లేకపోయినా ఫర్వాలేదు."

"మీరేం దిగులుపడకండమ్మా" అన్నాడు మాస్టారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. మాటిచ్చిన ప్రతిసారీ నిజంగానే ఇచ్చాడు. ఇన్ని మాటలు ఒక్క ఉదయంలో ఎలా పడతాయో మాత్రం ఒక్కసారీ కూర్చుని ఆలోచించలేదు.

సభకు ముందురోజు హాల్లో కుర్చీలు వేయిస్తుంటే హైమ వచ్చింది. వేదిక మీద వరసగా వేసిన కుర్చీలు చూసి ఆమె మొహం చిన్నబోయింది.

"ఇంతమంది మాట్లాడతారా మాస్టారూ? మరి మా వంతు వస్తాదా?"

"ఎందుకు రాదమ్మా? నేనున్నాను కదా!"

"నాకిదే ఆఖరి ఏడు మాస్టారూ."

"తెలుసమ్మా. నువ్వు నిశ్చింతగా ఉండు."

మర్నాడు మోరికావా అందరికంటే ముందే వచ్చింది. అరవై దాటిన సన్నటి మనిషి. తనే వంగి చాపలు సరిచేసుకుంది. చిన్న కరెంటు పొయ్యి మీద ఇనప కెటిల్ పెట్టి నీళ్లు పోసింది. హైమతో పాటు పేర్లిచ్చిన పిల్లలంతా వేదిక ముందు చాపల మీద కూర్చున్నారు. నీళ్లు కాగాయి. గోవిందరావు రాలేదు.

ఆయన వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. అప్పుడు దీపం వెలిగించారు. ఫ్యాను గాలికి అగ్గిపుల్ల ఆరిపోయింది. ఫ్యాను ఆపారు. ఫొటోగ్రాఫరు సరిగ్గా రాలేదన్నాడని, వెలిగిన దీపాన్నే మళ్లీ వెలిగించారు. ప్రార్థన పాడారు. స్వాగత నృత్యం జరిగింది. తర్వాత శాలువాలు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్ ఒకటి కప్పాడు. గోవిందరావు ఒకటి కప్పాడు. పూర్వవిద్యార్థులు తలా ఒకటి కప్పారు. ఆ ఉక్కలో ఆవిడ శాలువాల కింద నుంచి తల మాత్రం బయటపెట్టి, ప్రతివారికీ వంగి నమస్కరించింది. కింద కెటిల్‌లో నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి. ఆవిడ వెంట వచ్చిన కుర్రవాడు మళ్లీ చన్నీళ్లు పోశాడు.

గోవిందరావు రెండు ముక్కలు మాట్లాడతానని లేచి కాలేజీ పుట్టినప్పటి నుంచీ చెప్పుకొచ్చాడు. "యువతే ఈ దేశానికి వెన్నెముక" అన్నాడు. "యువతే రేపటి వెలుగు" అన్నాడు. రేపటి వెలుగు కింద చాపల మీద కూర్చుని, తిమ్మిరెక్కిన కాళ్లు మార్చుకుంటోంది.

ఉషశ్రీ మెల్లగా మాస్టారి దగ్గరికి వచ్చింది. "ఇప్పుడైనా ఆపితే ఇంకో గంట మిగులుతుంది మాస్టారూ. పిల్లలందరికీ కాకపోయినా కొందరికి వంతు వస్తుంది. ఒక్క మాట చెప్పండి" అంది.

మాస్టారు చాపలవైపు చూశాడు. హైమ ఆయన్నే చూస్తోంది. ఆయన లేచాడు. వేదిక ఎక్కాడు. అప్పుడే గోవిందరావు ముగించి, బావగారిని మాట్లాడమంటున్నాడు. మాస్టారు నేరుగా మైకు దగ్గరికి వెళ్లాడు. వేదిక మీద వాళ్లందరూ ఆయన వైపు తిరిగారు.

"ఏటి మాస్టారూ?" అన్నాడు గోవిందరావు.

మాస్టారు నోరు తెరిచాడు. ఆ పెద్దమనిషి నవ్వుతూ చూస్తున్నాడు. ప్రిన్సిపాల్ కనుబొమలు ముడిచాడు.

"ఏం లేదండీ. బావగారు కాస్త పొడగరి కదా, మైకు సరిచేద్దామని" అన్నాడు. మైకు పైకెత్తి బిగించి, దిగి వచ్చేశాడు.

హైమ తల దించుకుంది.

బావగారు తీరిగ్గా మాట్లాడాడు. తర్వాత మోరికావా లేచి, శాలువాలు తీసి కుర్చీ మీద పెట్టి కిందికి వచ్చింది. ఆమెతో పాటు వేదికంతా దిగి వచ్చింది. "ముందు పెద్దలకి రుచి చూపించాలి కదా! లేవండమ్మా, లేవండి, కాస్త చోటివ్వండి" అన్నాడు ప్రిన్సిపాల్. పిల్లలు ఒక్కొక్కరే లేచారు. అందరికంటే ఆఖరున హైమ లేచింది. మోకాళ్లు మడవలేని పెద్దలకు చాపల మీదికి కుర్చీలు తెప్పించారు.

మోరికావా మళ్లీ కెటిల్ ముందు కూర్చుంది. వచ్చినవాళ్లు అతిథులు కాబట్టి అందరికీ చేసి ఇచ్చింది. గోవిందరావు ఒక గుటక వేసి మొహం వికారంగా పెట్టాడు. "ఇదేటి, కషాయంలా ఉంది! పంచదార మర్చిపోనారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఫొటోలు దిగారు. బయట కారు డ్రైవరు హారన్ కొట్టాడు.

రైలు టైమైంది.

మోరికావా గోడ వారగా నిలబడ్డ పిల్లల దగ్గరికి వచ్చింది. నడుము వంచి, చాలాసేపు తల ఎత్తలేదు. "మీ కోసం వచ్చాను. మీ చేతి టీ తాగకుండానే వెళ్తున్నాను. క్షమించండి" అంది. ఉషశ్రీ ఆ మాటలు తెలుగులో చెప్పబోతే అవసరం లేకపోయింది. హైమ అప్పటికే జపాన్ భాషలో జవాబిచ్చింది. ఆవిడ ఆశ్చర్యంగా చూసి ఏదో అడిగింది. హైమ తడుముకుంటూ చెప్పింది. మళ్లీ హారన్ మోగింది.

మాస్టారు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, విన్నారు కదా! ఈ పిల్లను ఎంచుకోండి. తప్పు నాది. ఈ ఒక్కసారికి కాదనకండి" అని చేతులు జోడించాడు.

మోరికావా శ్రద్ధగా విని ఉషశ్రీతో నెమ్మదిగా మాట్లాడింది. ఉషశ్రీ మాస్టారి కళ్లలోకి చూడకుండా చెప్పింది. "కుదరదంటున్నారు మాస్టారూ. ఇక్కడ నిలబడ్డ పిల్లలెవరి పనీ చూడలేదు. మీరు బతిమాలారని ఒకరిని తీసుకెళ్తే మిగతావాళ్ల మొహం చూడలేను అంటున్నారు. వచ్చే ఏడు మళ్లీ వస్తామంటున్నారు."

వచ్చే ఏడు హైమ కాలేజీలో ఉండదు. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. కారు వెళ్లిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక మాస్టారు హైమ దగ్గరికి వెళ్లాడు. ఆమె మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటోంది.

"నన్ను క్షమించమ్మా. పెద్దవాళ్లు. మధ్యలో ఆపితే కోపం వస్తుందని..."

"మాకు రాదా మాస్టారూ?"

మాస్టారు ఆమె పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

"మాకూ వస్తాది" అంది హైమ. గొంతులో అరుపు లేదు, ఏడుపూ లేదు. బాగా అలిసిపోయి ఉంది. "కానీ మాకు కోపం వచ్చినా మీకేటీ కాదు. అందుకే ఆయన్ని ఆపకుండా మమ్మల్ని ఆపేరు." లేచి బస్సుకు వెళ్లిపోయింది.

ఏడాది తిరిగింది. స్నేహసంఘం వాళ్లు మళ్లీ వస్తామని కబురు పెట్టారు. వారం గడవకముందే గోవిందరావు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, జపానోళ్లు మళ్లీ వస్తన్నారట కదా! ఈసారి మా వియ్యంకుడు కూడా..."

మాస్టారు ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఈసారి కుదరదండీ" అన్నాడు. "ఆ ఉదయమంతా పిల్లలదే. వేదిక కూడా వేయడం లేదు. ఏమీ అనుకోకండి."

ఇక తిట్లే అనుకుని మాస్టారు కళ్లు మూసుకున్నాడు.

"అలాగా! సరే అయితే, ఇంకోసారి చూద్దాం లెండి" అన్నాడు గోవిందరావు. "అన్నట్టు, మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులు తగ్గేయా?"

"తగ్గాయండీ."

"మంచిది." ఫోన్ పెట్టేశాడు.

మాస్టారు ఆ ఫోన్ వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఇంతేనా! ఆకాశం విరిగి పడలేదు. ఉద్యోగం పోలేదు. ఒక పెద్దమనిషి సరేనని, మోకాళ్ల సంగతి అడిగాడు. నిరుడు ఆ మైకు ముందు ఈ ఒక్క మాట అనడానికి భయపడే, ఒక పిల్ల చదువును చేజేతులా పోగొట్టాడు.

ఆ ఏడు కార్యక్రమం పద్ధతిగా జరిగింది. పిల్లలందరికీ వంతు వచ్చింది. రెండో ఏడు చదివే ఒక కుర్రవాణ్ని మోరికావా ఎంచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారూ కొట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే బస్టాపులో హైమ కనిపించింది. ఫ్యాక్టరీ నుంచి వస్తోంది. జీడిగింజల జిడ్డుకు వేళ్లు నల్లబడ్డాయి. మాస్టారు ఈ ఏటి సంగతి చెబుదామని నోరు తెరిచి, చెప్పలేక ఊరుకున్నాడు. ఆమె మర్యాదగా నమస్కారం పెట్టి, వచ్చిన బస్సు ఎక్కేసింది.

పిల్లలూ, ఎవరినీ నొప్పించకూడదని అందరికీ తలూపేవాడు చివరికి ఎదురు చెప్పలేనివాళ్లనే నొప్పిస్తాడు. కాదనవలసిన చోట, కాదనవలసిన వేళ కాదనడమే అసలైన మంచితనం.