పగలు సూర్యుడిది, రాత్రి క్లోరమ్మది

ఒకప్పుడు నీళ్లలో వేసిన క్లోరిన్ ఎండకు పోయేది కాదు. ఒకసారి పోస్తే నెలల తరబడి ఆ నీళ్లలోనే ఉండేది. సూర్యుడు రోజూ వచ్చేవాడు, నీళ్ల మీద వెలుగు పరిచేవాడు, సాయంత్రం చుట్టేసుకుని వెళ్లేవాడు. క్లోరిన్‌ను మాత్రం ముట్టుకునేవాడు కాదు.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో మాణిక్యాంబ అనే ఆవిడ ఉండేది. మోకాళ్ల నొప్పికి నీళ్లలో నడవమని డాక్టరు చెబితే, పెరట్లో చిన్న ఈతకొలను కట్టించుకుంది. అడుగున నీలం పలకలు పరిపించింది. ఆవిడ భర్త జగ్గారావుకు ఆ స్థలంలో అరటి చెట్లు వేయాలని ఉండేది. భార్య నీళ్లలో నడుస్తుంటే గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, గేదె కూడా ఇంతసేపు నానదని అనేవాడు. గేదె పాలిస్తుంది, మీరేమిస్తున్నారని ఆవిడ అడిగేది.

ఆ కొలనులో క్లోరమ్మ ఉండేది. ఒక తెల్లని డబ్బాలో వచ్చింది. నీళ్లలో పాచి పట్టకుండా, రోగాలు చేరకుండా కాపలా కాయడం ఆమె పని.

క్లోరమ్మ పుట్టిల్లు ఉప్పు. ఉప్పురాయి అంటే మనకు ఒక తెల్లని పలుకు. లోపల మాత్రం అది ఇద్దరి ఇల్లు. అందులో సోడక్క, క్లోరమ్మ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉండేవాళ్లు. అప్పుడు క్లోరమ్మకు ఏ ఘాటూ లేదు, ఏ వాసనా లేదు. ఎవరినీ ఏమీ చేసేది కాదు.

ఒకరోజు మనుషులు ఆ ఉప్పును నీళ్లలో కరిగించి, ఆ నీళ్లలోకి కరెంటు పంపారు. ఒక్క కుదుపు. చెయ్యి విడిపోయింది.

అప్పటినుంచి క్లోరమ్మ చెయ్యి ఖాళీగా ఉండలేకపోయింది. దొరికినదాన్నల్లా పట్టుకునేది. ఆకు ముక్క దొరికితే ఆకు ముక్క, పాచి దొరికితే పాచి. ఆమె పట్టు అంత గట్టిది కాబట్టి, ఆమె పట్టుకున్నది బతికేది కాదు. మనుషులు దాన్నే ఘాటు అన్నారు. వాసన చూసి ముక్కు మూసుకున్నారు. ఆమెకు పనికొచ్చే గుణం అదేనని మెచ్చుకున్నారు కూడా. అది వెతుకులాట అని ఎవరికీ తెలియలేదు.

రాత్రి వీధి సద్దుమణిగాక పెరట్లోకి సముద్రపు హోరు వినబడేది. క్లోరమ్మ గట్టు దగ్గరికి వచ్చి వినేది. పాచికి ఆమె అంటే గిట్టదు. గట్టు పగులులో దాక్కుని వెటకారం చేసేది.

"ఏమే ఘాటుపిల్లా, ఆ చప్పుడులో నీ పేరేమైనా వినబడుతోందా?"

క్లోరమ్మ పాచిని గట్టిగా ఒకసారి పట్టుకునేది. పాచి కొన్నాళ్లపాటు నోరెత్తేది కాదు.

పొద్దున్నే బట్టలు ఆరేసే తీగ మీదికి లకుముకి పిట్ట వచ్చేది. అది ఉప్పుమళ్ల మీదుగా ఎగిరి వస్తుంది. క్లోరమ్మ దాన్ని అడిగి అన్నీ చెప్పించుకునేది. మళ్లలో నీళ్లు ఎండుతున్నాయా, ఉప్పు పేరుకుంటోందా, ఎండ పడితే పలుకులు మెరుస్తున్నాయా. మెరుస్తున్నాయని పిట్ట చెప్పేది. అందులో తన అక్క ఉందేమో చూశావా అని క్లోరమ్మ అడిగేది. పిట్ట ఈ ప్రశ్నకు ఎప్పుడూ ఇబ్బందిపడేది. తనకు చేపలైతే వేటికవి తెలుస్తాయిగానీ ఉప్పు పలుకులన్నీ ఒకేలా కనిపిస్తాయని చెప్పి ఎగిరిపోయేది.

నన్ను తీసుకెళ్లమని క్లోరమ్మ గాలిని అడిగింది. నీ వాసన వరకే మోయగలను, నిన్ను మోయలేనని గాలి అంది. వానను అడిగింది. నేను వచ్చేదాన్నేగానీ తీసుకెళ్లేదాన్ని కాదని వాన అంది. చివరికి ధైర్యం చేసి సూర్యుడిని అడిగింది. ఆయన రోజూ సముద్రం మీదే పుడతాడు, ఉప్పుమళ్ల మీద మధ్యాహ్నమంతా నిలబడతాడు. ఆయనకు దారి తెలియకుండా ఎలా ఉంటుంది?

సూర్యుడు ఆమె మాట పూర్తిగా విన్నాడు. తాను చెయ్యి వేస్తే ఆమె ఘాటు రాలిపోతుందనీ, ఘాటు రాలితే ఇల్లు చేరినట్టేననీ చెప్పాడు. కానీ వెయ్యనన్నాడు.

"అమ్మాయ్, నాకు ఇవ్వనిదాన్ని నేను తీసుకోను. తీగ మీద తడిబట్ట ఆరేస్తారు, ఆ తడి నాకిచ్చారని తీసుకుంటాను. మళ్లలోకి సముద్రపు నీళ్లు పెడతారు, ఆ నీళ్లు తీసుకుంటాను. నువ్వు మాణిక్యాంబ మనిషివి. ఆవిడ ఇస్తే చూద్దాం."

కాపలా మనిషిని ఎవరిస్తారు? క్లోరమ్మ ఆ తర్వాత అడగడం మానేసింది. పనిచేసుకుంటూ ఉండిపోయింది. వినడం మాత్రం మానలేదు.

ఇలా ఉండగా రథసప్తమి వచ్చింది. ఆ రోజు తలమీద జిల్లేడాకు పెట్టుకుని స్నానం చేసి, సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు. మాణిక్యాంబ ఇంట్లో స్నానం చేస్తే ఏం బాగుంటుందని కొలనులోకే దిగాలనుకుంది. అంతలో నీళ్లు కాస్త మసకగా కనిపించాయి. ముందు రోజు వీధిలోని పిల్లలంతా వచ్చి ఈదిపోయారు. సరే, కొంచెం క్లోరిన్ కలిపి దిగుదామని డబ్బాలోది చెంబులోకి వంపుకుంది. కొలనులో పాత క్లోరమ్మ ఉంది, చెంబులో ఆమె చెల్లెళ్లు ఉన్నారు.

ఆవిడ మెట్టు మీద నిలబడింది. తలమీద జిల్లేడాకు. చేతిలో రాగి చెంబు. ఎదురుగా ఎర్రగా సూర్యుడు. ఎన్నో ఏళ్ల అలవాటు. చేతులు వాటంతటవే పైకి లేచాయి, పెదవులు వాటంతటవే కదిలాయి. చెంబులో ఉన్నది నీళ్లు కాదన్న సంగతి ఆవిడకు గుర్తే లేదు. సూర్యుడికి చూపించి, సన్నని ధారగా కొలనులోకి వదిలింది. ధార పూర్తయ్యాక కళ్లు మూసుకుని దండం పెట్టింది.

సూర్యుడు ఆ ధార వంక చూశాడు. కొలను వంక చూశాడు.

"ఇచ్చావు, తీసుకున్నాను," అన్నాడు.

ఆ పూటే కొలనులోకి చెయ్యి పెట్టాడు. నీళ్ల మీద తేలుతున్న చెల్లెళ్లను తాకాడు. ఆయన చెయ్యి తగిలినవాళ్లకు తగిలినట్టే ఘాటు రాలిపోయింది. ఎండ ఎక్కేకొద్దీ లోతుకు దిగాడు. మధ్యాహ్నానికి కొలను దాదాపు ఖాళీ అయింది. నీళ్లు అలాగే ఉన్నాయి, కాపలా లేదు.

గట్టు పగులులోంచి పాచి తల బయటపెట్టింది. నమ్మలేకపోయింది. మెల్లగా ఒక పలక మీదికి పాకింది. ఎవరూ పట్టుకోలేదు. ఇంకో పలక మీదికి పాకింది.

మర్నాటికి అడుగున నీలం పోయి, లేత ఆకుపచ్చ వచ్చింది. మాణిక్యాంబ పొద్దున్నే మరింత పోసింది. పోయడం పొద్దున్న, పోవడం మధ్యాహ్నం. ఆ మర్నాడూ అంతే. డబ్బా అడుగంటుతోంది. ఈతకు వచ్చిన పిల్లలు తువ్వాళ్లు భుజాన వేసుకుని వెనక్కి వెళ్లారు. జగ్గారావు గట్టు మీద నిలబడి, ఇందులో చేపలు వేద్దామా, తామరలు వేద్దామా అని అడిగాడు. ఆవిడ డబ్బాలో ఎంత మిగిలిందో వంచి చూసుకుంటోంది. ఆయన ఇక నవ్వులాట మానేసి, ఈ నీళ్లలో దిగితే మోకాళ్ల నొప్పి మాట అలా ఉంచి చర్మం పాడవుతుందనీ, రేపు మట్టి ట్రాక్టరు రమ్మంటున్నాననీ, పూడ్చేద్దామనీ చెప్పాడు.

మాణిక్యాంబ గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది. నీళ్లలో మోకాలు ఏ బరువూ లేకుండా తేలింది. కొలను పోతే ఇంత తేలికగా నడవడం కూడా పోతుంది. ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. కన్నీళ్లు అలాగే నీళ్లలో పడ్డాయి.

కొలనులో తూర్పు గోడ పక్కన లోతైన మూల ఒకటి ఉంది. అక్కడికి ఎండ అన్నిటికన్నా చివర వస్తుంది. అప్పటిదాకా ఆ లోతు అందకముందే పొద్దు వాలిపోయేది. క్లోరమ్మ ఆ మూలలో మిగిలి ఉంది. ఒక కన్నీటి చుక్క ఆమె దాకా దిగివచ్చింది. అందులో ఉప్పు ఉంది.

అదే సమయానికి సూర్యుడి చెయ్యి గోడ నీడను దాటుకుని ఆ మూలకు వచ్చింది. రమ్మన్నట్టు ఆగింది. ఆ వెలుగులో క్లోరమ్మ ఎదురుగా చూసింది. ఎదురుగా సోడక్క ఉంది.

"అక్కా, నువ్వెప్పుడొచ్చావు?"

"నీతోనే వచ్చానే. అదే డబ్బాలో."

"మరి ఇన్నాళ్లూ పలకలేదేం?"

"పిలుస్తూనే ఉన్నాను. నువ్వు సముద్రం వైపు చెవి పెట్టుకుని ఉన్నావు."

ఇన్నాళ్లూ క్లోరమ్మ లకుముకిని అడిగింది, గాలిని అడిగింది, వానను అడిగింది. పక్కకు తిరిగి ఒక్కసారి చూడలేదు. చూసినా ఆ ఘాటులో కంటికి ఆనేది కాదేమో. సోడక్క చెయ్యి చాచింది. సూర్యుడి వేలు అంగుళం దూరంలో ఉంది. అది తగిలితే చాలు, ఇల్లు.

పైన మాణిక్యాంబ కాళ్లు నీళ్లలో కదలకుండా ఉన్నాయి. వాటి చుట్టూ పాచి అల్లుకోవడానికి చూస్తోంది.

"సూరన్నా," అంది క్లోరమ్మ, "ఈ ఒక్క రాత్రి ఆగుతావా?"

సూర్యుడికి ఇది కొత్త. రమ్మంటే ఆగమన్నవాళ్లను ఆయన చూడలేదు. ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వడం తన ఇంటా వంటా లేదన్నాడు. తిరిగి ఇవ్వమనడం లేదని క్లోరమ్మ అంది. నీ ఎదుట పోసినది నీదే. నువ్వు లేనప్పుడు పోసినదాన్ని నువ్వు వచ్చేదాకా వీళ్లకు ఉంచు. తెల్లారాక వచ్చి తీసుకుపో, మేము ఎక్కడికీ పారిపోము, మాకూ రావాలనే ఉంది.

సూర్యుడు వేలు వెనక్కి తీసుకున్నాడు.

"సరే. పగలు నాది. రాత్రి నీది," అని పడమటికి వాలాడు.

సోడక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. అంత దగ్గరగా వచ్చి ఆగిపోవడం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు.

అప్పుడు క్లోరమ్మ పైకి వచ్చి మాణిక్యాంబతో మాట్లాడింది. పొద్దున పోసినదంతా సూర్యుడికే పోతోందని చెప్పింది. డబ్బాలో మిగిలినది పొద్దు వాలాక పోయమంది. షెడ్డులో మూలన పడి ఉన్న తెల్లపొడి సంచీ సంగతి కూడా చెప్పింది. డబ్బాతోపాటు దుకాణంవాడు, ఎందుకో తనకూ తెలియదంటూ, ఊరికే ఇచ్చిన సంచీ అది. మాణిక్యాంబ దాన్ని ముగ్గుపిండి అనుకుని ఒకసారి వాకిట్లో వేసి చూసి, గీత నిలవడం లేదని తిట్టుకుని పక్కన పడేసింది. అందులో ఉన్నది నీడమ్మ. ఇప్పుడు దుకాణాల్లో స్టెబిలైజర్ అంటారు. ఆమె క్లోరమ్మవాళ్లను పగలు తన కొంగు కింద దాచి, పనిపడినప్పుడు ఒక్కొక్కరినే వదులుతుంది.

"అయితే సంచీ అంతా గుమ్మరించనా తల్లీ?" అని మాణిక్యాంబ అడిగింది.

"వద్దమ్మా. ఎక్కువైతే ఆవిడ మమ్మల్ని అసలు వదలదు. పనికీ వదలదు, ఇంటికీ వదలదు. కొంచెం చాలు. ఏదైనా పాత సాక్సులో పోసి నీళ్లలో వేలాడదీయి, నెమ్మదిగా కరుగుతుంది."

జగ్గారావు సాక్సు ఒకటి పోయింది. ఎందుకని ఆయన అడిగితే, మీ కాలు ఇన్నాళ్లకు కొలనులో పెట్టారనుకోండి అంది.

పొద్దు వాలాక మాణిక్యాంబ డబ్బా వంచింది. ఈసారి చేతులు ఎత్తలేదు, కళ్లు మూసుకోలేదు. తల వంచుకుని, నీళ్లనే చూస్తూ, గట్టు పొడవునా పోసుకుంటూ వెళ్లింది. కొత్తగా వచ్చిన చెల్లెళ్లు భయంభయంగా సముద్రం ఎటువైపని అడిగారు. క్లోరమ్మ వాళ్లకు సోడక్కను చూపించింది. ముందు పని, పొద్దున ఇల్లు అని చెప్పింది. ఆ రాత్రి ఎవరూ సముద్రపు హోరు వినలేదు. పలకా పలకా వెతికి పాచిని పట్టుకున్నారు. పాచి మొదట వెటకారం చేసింది, తర్వాత బతిమాలింది, తర్వాత దాని గొంతు వినబడలేదు.

తెల్లవారాక ట్రాక్టరువాడు వచ్చి గేటు ముందు హారన్ కొట్టాడు. జగ్గారావు వాణ్ని తీసుకుని పెరట్లోకి వచ్చాడు. కొలను అడుగున నీలం పలకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. మాణిక్యాంబ నీళ్లలో నడుస్తోంది. ఆయన అది చూసి, మట్టి ప్రహరీ పక్కన దింపమన్నాడు. అరటి చెట్లు అక్కడ కూడా వస్తాయన్నాడు.

సూర్యుడు వచ్చాడు. మాట ప్రకారం, గోడ నీడ జరగగానే లోతు మూలకే వచ్చాడు. ఈసారి క్లోరమ్మ ఆగమనలేదు. వెలుగు తగిలింది. ఘాటు రాలిపోయింది. ఖాళీ చెయ్యి నిండింది. నీడమ్మ కొంగు కింద ఉన్న చెల్లెళ్లు అది చూసి, తమ వంతు కోసం ఎదురుచూస్తూ పనిలో ఉండిపోయారు.

అప్పటినుంచే ఎండ తగిలిన నీళ్లలో క్లోరిన్ నిలవదు. అప్పటినుంచే ఈతకొలను ఉన్నవాళ్లు దాన్ని పొద్దువాలాక పోస్తారు, కొంచెం నీడపొడి కలుపుతారు, అయినా మళ్లీ మళ్లీ పోస్తూనే ఉంటారు. పాతబడిన కొలనులో ఈదేటప్పుడు నోట్లోకి నీళ్లు పోతే నాలుకకు సన్నగా ఉప్పు తగులుతుంది. సముద్రం అక్కడికి ఎంత దూరంలో ఉన్నా సరే. అది ఇల్లు చేరినవాళ్ల రుచి.