కరెంటు కడిగే డబ్బా

ఎర్రగుట్ట అడవిలో మనుషులు వదిలేసి వెళ్లిన బంగళా ఒకటి ఉంది. తలుపులకు చెదలు పట్టాయి గానీ, పైకప్పు మీది సోలార్ పలక మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది. హాల్లో ఒక పాటల పెట్టె, దానికి అటూ ఇటూ నడుమెత్తు స్పీకర్లు రెండు. నల్లప్ప అనే ఎలుగుబంటి తన పెళ్లాం బూరమ్మతో, ఇద్దరు పిల్లలతో ఆ బంగళాలో కాపురం పెట్టాడు.

రోజూ పొద్దు వాలుతుండగా నల్లప్ప పాట పెట్టేవాడు. జింకలు, కుందేళ్లు, కొండముచ్చులు వచ్చి వరండా నిండా కూర్చునేవి. "నల్లప్పా, నీ ఇంట్లో పాట వింటే ఒళ్లు మరిచిపోతామయ్యా" అనేవి. ఆ మాట వింటే చాలు, నల్లప్పకు ఆ పూట తిండి అక్కర్లేదు.

ఒకరోజు నాగేశం అనే నక్క వచ్చాడు. పాట అయిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. నాగేశం మాత్రం చెవి దురద పుట్టినట్టు తల అటూ ఇటూ ఆడించి ఊరుకున్నాడు.

"ఏం నాగేశం, నచ్చలేదా?" అని అడిగాడు నల్లప్ప.

"నచ్చకేం మామా. బాగానే ఉంది."

"బాగానే అంటే?"

"ఏం లేదులెండి. వీళ్లందరికీ ఇది చాలు. మీ చెవి వేరు కదా, మీకు తెలుస్తూనే ఉండి ఉంటుంది. పాట సగం నేలలోకి దిగిపోతోంది."

నల్లప్పకు అంతకుముందు అలాంటిదేమీ తెలియలేదు. కానీ తన చెవి వేరు అన్నాక తెలియలేదని ఎలా అంటాడు? "అవును. నేనూ అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు.

మర్నాడు నాగేశం నున్నటి నల్లరాళ్లు తెచ్చాడు. "మామూలు రాళ్లు కావు మామా. సుడిగుండం అడుగున నీళ్ల మోత విని విని పండిపోయినవి. స్పీకర్ల కింద పెడితే పాట నేలలోకి పోదు." వాటికి బదులుగా పెద్ద తేనెపట్టు ఒకటి పట్టుకుపోయాడు. నల్లప్ప రాళ్లు పెట్టి పాట వేశాడు. కళ్లు మూసుకుని విన్నాడు. నాగేశం పక్కనే నిలబడి, "వింటున్నారా? ఆ మద్దెల చూడండి, ఎలా లేచి నిలబడిందో" అన్నాడు. నిజంగానే లేచి నిలబడినట్టు అనిపించింది నల్లప్పకు.

"నాకేం తేడా తెలియడం లేదు" అంది బూరమ్మ.

"నీది వంటింటి చెవి" అన్నాడు నల్లప్ప. బూరమ్మ పిల్లల్ని ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత నాగేశం తీగ తెచ్చాడు. స్పీకర్లకు ఉన్న పాత తీగ తీసేసి ఇది తగిలించాలట. తీగ పొడుగునా నాగుపాము కుబుసం చుట్టి ఉంది. "మామూలు తీగలో పాట ఒరుసుకుంటూ వస్తుంది మామా. ఇందులో జారుతూ వస్తుంది" అన్నాడు. దానికోసం నల్లప్ప వాగు ఒడ్డున తన కుటుంబానికి ఆధారమైన ఇప్పచెట్ల పూత మొత్తం ఆ వేసవికి నాగేశానికి వదిలేశాడు. నాగేశం చుట్టాలు పక్కాలతో వచ్చి చెట్ల కింద తిష్ఠ వేశాడు. బంగళాలో పిల్లలు చెదపురుగులు నాకి పడుకుంటున్నారు.

అప్పటికైనా నల్లప్ప ఆగితే బాగుండేది. కానీ తీగ మారిన దగ్గర్నుంచి అతనికి ఒక బెంగ పట్టుకుంది. పాట వేసిన ప్రతిసారీ, ఇంకా ఏదో తక్కువైందని అనిపించేది. అదే పాట, మళ్లీ అదే పాట, తల ఒకసారి ఈ స్పీకరు దగ్గర పెట్టి, ఒకసారి ఆ స్పీకరు దగ్గర పెట్టి వినేవాడు. వరండాలోకి పాట వినేవాళ్లు వచ్చారో పోయారో కూడా పట్టించుకోవడం మానేశాడు.

"అదే కదా మామా నేను చెప్పేది" అన్నాడు నాగేశం, సమయం చూసుకుని. "లోపం పెట్టెలో లేదు, కరెంటులో ఉంది. ఎండలోంచి వచ్చే కరెంటు కదా! దారిలో ఎంత దుమ్ము, ఎంత పొగ పట్టుకుని వస్తుందో. దాన్ని కడగాలి." అంటూ మూత బిగించిన ఇత్తడి డబ్బా ఒకటి చూపించాడు. "కరెంటు కడిగే డబ్బా. పెట్టె పక్కన పెడితే చాలు, దాని పని అది చేసుకుంటుంది."

"దీనికి ఏం ఇవ్వాలి?"

నాగేశం గొంతు తగ్గించాడు. "తేనె చరియ."

కొండమీద ఏటా తేనెపట్లు పట్టే ఆ చరియ బూరమ్మది. ఆమెకు ఆమె తల్లి చూపించింది, ఆ తల్లికి ఆమె తల్లి చూపించింది. వానలు పట్టుకుని అడవిలో ఏమీ దొరకని నెలల్లో పిల్లల్ని బతికించేది అదే. అయినా నల్లప్ప నోట్లోంచి మాట జారిపోయింది. "రేపు అందరి ముందూ ఇచ్చేస్తాను."

తలుపు చాటున విన్న బూరమ్మ చంకన చిన్నదాన్ని వేసుకుని గుట్ట వెనక ఉండే ఏదుపంది సూరమ్మ దగ్గరికి వెళ్లింది. సూరమ్మ ఆ అడవిలో అందరికన్నా పెద్దది, ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు.

మర్నాడు పొద్దు వాలేసరికి అడవి మొత్తం వరండాలో ఉంది. నాగేశం తోక దువ్వుకుని ముందు వరసలో కూర్చున్నాడు. సూరమ్మ ముళ్లు గలగలమనిపిస్తూ లోపలి నుంచి వచ్చింది.

"ఏమయ్యా నాగేశం, ఈ డబ్బా పెడితే తేడా ఎవరికైనా తెలుస్తుందా?"

"చెవి ఉన్నవాళ్లకు తెలుస్తుంది అవ్వా."

"నీకుందా?"

"అదేం మాట! గుట్ట మీద ఆకు రాలితే వాగు దగ్గర నాకు వినపడుతుంది."

"అయితే మంచిది. నేను ఈ డబ్బా తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటాను. రెండుసార్లు పాట వినిపిస్తాను. ఏది నీ రాళ్లతో, తీగతో, డబ్బాతో వచ్చిన పాటో, ఏది కాదో చెప్పు. చెప్పావా, చరియ నీది."

నాగేశం మొహంలో రంగు మారింది. "అవ్వా, ఇలాంటివి పరీక్షలకు లొంగవు. మనసు నిమ్మళంగా ఉండాలి, గాలి కుదురుగా ఉండాలి..."

"మొన్న రాళ్లు పెట్టిన రోజు వరండాలో కోతులు కొట్లాడుకుంటుంటే, ఆ గోల మధ్యలోనే నీకు మద్దెల లేచి నిలబడిందట కదా?"

కొండముచ్చులు నవ్వాయి. ఆ నవ్వుకు అందరికన్నా ఎక్కువ ఉడుక్కున్నది నల్లప్ప. తనను చూసి నవ్వినట్టే అనిపించింది. "పెట్టండి పరీక్ష! ఇతను చెప్పలేకపోతే నేను చెబుతాను. కళ్లు మూసుకుని చెబుతాను!" అని లేచాడు.

తలుపు పడింది. కాసేపటికి లోపల పాట మొదలైంది. ఒక ఆడమనిషి గొంతు, వెనక సన్నగా వీణ. నల్లప్ప శ్రద్ధగా విన్నాడు. ఫరవాలేదు. కాస్త మసగ్గా ఉంది, దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంది. కరెంటులో దుమ్ము అంటే ఇదే కాబోలు అనుకున్నాడు.

పాట ఆగింది. లోపల ఏదో జరిపిన చప్పుడు, డబ్బా మోగిన చప్పుడు. మళ్లీ అదే పాట మొదలైంది.

నల్లప్ప ఒళ్లు ఝల్లుమంది. ఇదీ పాటంటే! గొంతులో తడి వినిపించింది. వీణ తీగను గోరు తాకి వదిలిన చప్పుడు వినిపించింది. పాడేమనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. తెలియకుండానే కళ్లమ్మట నీళ్లు కారాయి. నాగేశం పాట వినడం లేదు, నల్లప్ప మొహమే చూస్తున్నాడు. ఆ కన్నీళ్లు చూడగానే ఎగిరి గంతేశాడు.

"రెండోది! రెండోదే నాది!"

"అవును, రెండోదే!" అన్నాడు నల్లప్ప. "ఒట్టేసి చెబుతున్నాను. రెండింటికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది."

తలుపు తెరుచుకుంది.

స్పీకర్లు గోడవైపు తిరిగి ఉన్నాయి. కుబుసం తీగ ఒక మూల చుట్ట చుట్టి పడి ఉంది. రాళ్లు కిటికీ మీద ఉన్నాయి. పాటల పెట్టె మూత మీద, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, పసుపు ముక్కు నల్లపిట్ట ఒకటి కూర్చుని ఉంది.

"ఇది కొండ గోరింక" అంది సూరమ్మ. "ఈ బంగళా కప్పు మీద కాపురం. మీ పాట విని విని దానికి నోటికి వచ్చేసింది. రెండుసార్లూ అదే పాడింది. పెట్టె అసలు వెయ్యనే లేదు."

గోరింక ఒకసారి అందరివైపూ చూసి, మెడ సాచి, వీణతో సహా పాట మొదటి ముక్క పాడి వినిపించింది.

నవ్వుదామని వచ్చిన కొండముచ్చులు కూడా నోళ్లు తెరిచి అలాగే ఉండిపోయాయి. బూరమ్మ బిత్తరపోయింది. మొగుడు మోసపోయాడని ఆమెకు తెలుసు. కానీ ఒకే పిట్ట ఒకేలా రెండుసార్లు పాడితే, ఒకసారి పెదవి విరిచి ఒకసారి కన్నీళ్లు పెట్టుకునేంత దూరం పోయాడని ఆమె అనుకోలేదు.

నల్లప్ప చెయ్యి పైకెత్తి చెంప తడుముకున్నాడు. ఇంకా తడిగానే ఉంది. ఆ తడిని చూసుకుంటే భయం వేసింది. రాళ్లు బూటకం కావచ్చు, తీగ బూటకం కావచ్చు. ఈ కన్నీళ్లు మాత్రం నిజంగా తన కళ్లలోంచే వచ్చాయి కదా! లేని తేడాకు తన కళ్లే సాక్ష్యం చెప్పాయి. మరి ఇకమీదట దేన్ని నమ్మాలి?

"నాగేశం" అన్నాడు. "నన్ను ఎందుకిలా చేశావు?"

"నేనేం చేశాను మామా?" నాగేశం అప్పటికే మెట్ల దగ్గరికి జరిగాడు. "వినపడిందా అని అడిగాను. వినపడిందని మీరే అన్నారు."

ఈలోగా ఒక కొండముచ్చు లోపలి నుంచి ఇత్తడి డబ్బా తెచ్చి మూత ఊడబెరికి బోర్లించింది. గుప్పెడు ఇసక, రెండు ఎండు పేడ ఉండలు రాలాయి. అది చూసి అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఒక్కసారిగా మీదపడ్డారు. నాగేశం మెట్లు దిగాడో దొర్లాడో తెలియదు. సూరమ్మ ముళ్లు నాలుగు వీపున గుచ్చుకుని ఉండగా, కుయ్యోమంటూ వాగు దాటి పోయాడు. ఆ తర్వాత అతని చుట్టాలు కూడా ఎర్రగుట్ట వైపు చూడలేదు.

కానీ ఇప్పపూత అప్పటికే అయిపోయింది. మిగిలిన వేసవంతా నల్లప్ప ఎండలో పుట్టలు తవ్వి పిల్లల్ని పోషించాడు. గోళ్లు అరిగిపోయాయి. "చరియ నీది, ఇక దాని పేరు నా నోట రాదు" అని బూరమ్మతో అన్నాడు. ఆమె "ఊఁ" అంది, అంతే.

చాలా రోజుల తర్వాత, ఒక సాయంత్రం ఆమే పాత తీగ తెచ్చి అతని ముందు పడేసింది. "పెట్టు, పిల్లలు అడుగుతున్నారు."

నల్లప్ప బెరుకుగా తగిలించాడు. చెవి స్పీకరుకు ఆనించకుండా దూరంగా వెళ్లి గోడకు చేరగిలబడ్డాడు. పాట మొదలైంది. సగం అయ్యేసరికి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"బూరీ! ఇది జోలపాటా?"

"మరేమనుకున్నావు?"

"నేను... మాటలు ఎప్పుడూ వినలేదే!"

"మెల్లగా మాట్లాడు" అంది బూరమ్మ. పిల్లలిద్దరూ ఆమె ఒడిలో నిద్రపోయి ఉన్నారు.

పాట వినడం మరిచి చప్పుడు కొనుక్కోబోయేవాడికి, అమ్మేవాడి మాటే పాటలా వినిపిస్తుంది.