ఊరికి ఒకటే పొయ్యి

అనగా అనగా, మీ తాతగారి తాతగారికి ఇంకా పాలపళ్ళయినా రాని కాలంలో, ఒక ఏటి ఒడ్డున నీలిపేట అనే ఊరు ఉండేది. ఆ ఊళ్ళో కాకులు తప్ప అందరూ నీలంగానే ఉంటారని పొరుగూళ్ళవాళ్ళు వేళాకోళం చేసేవారు. అందులో అబద్ధం కొంచెమే. అక్కడి ఇరవై ఇళ్ళవాళ్ళూ బట్టలకు నీలిమందు అద్దేవాళ్ళు. వాళ్ళ చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి.

వాళ్ళంతా పుండరీకయ్య అనే వర్తకుడి అద్దకపు శాలలో పనిచేసేవారు. శాలా ఆయనదే, అందులో నేలలోకి పాతిన పెద్దపెద్ద బానలూ ఆయనవే. వారానికోసారి తన గాదెలోంచి ఇంటింటికీ తిండిగింజలు కొలిచి ఇచ్చేవాడు. మరీ చెడ్డవాడేమీ కాదు. కాకపోతే బానలో ఒక్కనాడైనా చెయ్యి పెట్టి ఎరగడు.

పనివాళ్ళలో పెద్దది మరిడమ్మ. బానలను కన్నబిడ్డల్లా సాకేది. నీలిబాన అంటే మాటలా మరి! పులవడానికి తగిరిస మొక్క గింజల కషాయం పోయాలి, సున్నపు తేట పోయాలి, పొద్దునా సాయంత్రం మెల్లగా కలపాలి. పెరుగు తోడుకున్నట్టు అది లోపల్లోపల పులుస్తుంది. బతికున్న బాన మీద రాగిరంగు నురగ కడుతుంది. నాలుగు రోజులు పట్టించుకోకపోతే అలుగుతుంది, ఇంకో నాలుగు రోజులు పోతే చచ్చిపోతుంది.

ఆ సున్నమే చేతులను తినేసేది. ఒక ఎండాకాలం ముగ్గురు పనివాళ్ళ అరచేతులు పుండ్లు పడ్డాయి. మరిడమ్మ వాళ్ళను వెంటబెట్టుకుని వర్తకుడి దగ్గరకు వెళ్ళింది.

"బాబూ, చేతులు మానేదాకా వీళ్ళని బానలో దించొద్దు. అన్నాళ్ళూ వీళ్ళ ఇంటి గింజలు ఆపొద్దు. ఇంతకన్నా ఏమీ అడగం" అంది.

పుండరీకయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇవాళ చేతులంటారు, రేపు కాళ్ళంటారు! మీరొచ్చి తప్పయిందని మొక్కేదాకా శాల తెరవను, గింజ కొలవను!" అని అందరినీ బయటకు పంపి, గుమ్మానికి తలకాయంత తాళం వేశాడు.

మరిడమ్మ గుండెలో రాయి పడింది. అడిగింది తను. పస్తులుండబోయేది ఇరవై ఇళ్ళు. అందులో గురవయ్య ఇల్లు ఉంది. అతని భార్య పైడమ్మ బాలింత, నెల తిరగని బిడ్డ. తల్లికి ముద్ద లేకపోతే బిడ్డకు పాలెక్కడివి? ఎవరి ఆకలి వాళ్ళు పడితే ముందు ఇంట్లో గింజ లేనివాళ్ళు లొంగిపోతారు, ఆ వెనకే అందరూ, అనుకుంది మరిడమ్మ.

వెంటనే ఇల్లిల్లూ తిరిగింది. "అమ్మల్లారా, మీ పొయ్యిలు ఆర్పేయండి. తాళం తీసేదాకా ఊరికి ఒకటే పొయ్యి. మా వాకిట్లో వెలిగిస్తాను" అని చెప్పింది.

వాకిట్లో ఒక కడవ పెట్టి, మూతిమీద నీలిగుడ్డ కప్పింది. ఎవరింట్లో ఉన్న గింజలు వాళ్ళు పిడికిట పట్టి, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి వదలాలి. ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడకూడదు. నిండు పిడికిలి నాలుగుసార్లు పెట్టినవాళ్ళున్నారు. ఉత్త పిడికిలి పెట్టి తీసినవాళ్ళూ ఉన్నారు. ఎవరూ తల దించుకోవలసిన పని లేకపోయింది.

జావ కాగాక ముందు బాలింతలకు, తరువాత పిల్లలకు, ఆ తరువాత ముసలివాళ్ళకు, జబ్బుపడ్డవాళ్ళకు, చివర మిగిలినవాళ్ళకు పోసేవారు. అందరూ తాగాక గంగాళం గీకి తినేది మరిడమ్మ. "నాకు అడుగంటిందే ఇష్టమర్రా" అనేది. పచ్చి అబద్ధం. ఇలాంటి అబద్ధాలను దేవుడు కూడా విననట్టే ఊరుకుంటాడు.

ఐదోనాడు పుండరీకయ్య ఏటి అవతల నుంచి పదిమంది అద్దకంవాళ్ళను రప్పించాడు. వాళ్ళు ఎండన పడి నడిచి వస్తుంటే మరిడమ్మ ఎదురువెళ్ళి జావ తాగమని పిలిచింది.

వాళ్ళలో పెద్దవాడు విస్తుపోయాడు. "మీ పనిలోకి వచ్చినవాళ్ళం. మాకు జావ పోస్తావేమిటమ్మా?"

"ఆకలితో వచ్చారు నాయనా. ముందు తాగండి. ఆనక మీ ధర్మం మీది."

అతను తాగుతూ తాగుతూ, పక్కన కూర్చున్నవాళ్ళ పుండ్లు పడ్డ అరచేతులు చూశాడు. తన అరచేతులూ చూసుకున్నాడు. గిన్నె కడిగి బోర్లించి, తనవాళ్ళను తీసుకుని వచ్చిన దారినే పోయాడు.

తొమ్మిదోనాటికి జావలో గింజ గింజను వెతుక్కుంటోంది. అదను చూసి పుండరీకయ్య గురవయ్య ఇంటికి గుమాస్తాను పంపాడు. గుమాస్తా బియ్యపు మూట దించి, "నువ్వొక్కడివి వచ్చి బానలు కలిపితే చాలు. మూట నీదే. బిడ్డతండ్రివి, ఆలోచించుకో" అన్నాడు.

గురవయ్య మూట నెత్తిన పెట్టుకుని మరిడమ్మ దగ్గరకు వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు. "అవ్వా, వెళ్ళనా?" అన్నాడు.

మరిడమ్మకు కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని మింగింది. "వెళ్తే వెళ్ళు నాయనా. ఆకలి సంగతి నాకు ఒకరు చెప్పాలా? నువ్వు వెళ్ళినా ఇక్కడ మొదటి గిన్నె పైడమ్మదే. నీ మీద కోపంతో పసిదాన్ని మాడ్చుకుంటామా?"

వెనకే బిడ్డనెత్తుకుని వచ్చిన పైడమ్మ ఆ మాట విన్నది. "విన్నావా మావా? మరింక ఆ మూట ఎవరికోసం మోస్తన్నావు?" అంది.

గురవయ్య ముడి కూడా విప్పకుండా మూటను తీసుకెళ్ళి గుమాస్తా నెత్తిన పెట్టాడు.

పన్నెండోనాడు రాజుగారి దివాణం నుంచి కబురొచ్చింది. వంద నీలి తలపాగాలు కావాలట! "ఏముంది, ముంచడం తియ్యడమేగా!" అని పుండరీకయ్య తానే తాళం తీసి లోపలికి వెళ్ళాడు. శాలంతా కుళ్ళు కంపు. ఏ బాన మీదా నురగ లేదు. సున్నం చాలలేదేమోనని ఒక బానలో తట్టెడు సున్నం గుమ్మరించి, చేతులు పెట్టి గిరగిరా తిప్పాడు. తలపాగా ముంచి తీస్తే బూడిదరంగు. ఇంకొకటి ముంచాడు, అదీ అంతే. మూడోది తీసేసరికి అరచేతులు భగ్గున మండాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు మరిడమ్మ.

చేతులు చాచుకుని వాకిట్లోకి వచ్చిన వర్తకుణ్ణి చూసి పిల్లలు కిసుక్కున నవ్వారు. మరిడమ్మ వాళ్ళను కసిరింది. ఆయన చేతులు ఏటినీళ్ళతో బాగా కడిగి, నూనె రాసి, మెత్తని పాతగుడ్డ చుట్టింది. గిన్నె పట్టుకోలేకపోతే జావ తానే తాగించింది.

"మరిడమ్మా, రేపు పొద్దున్నే బానలు బతికించాలి. రాజుగారి పని" అన్నాడు పుండరీకయ్య.

"అలాగే బాబూ. మీరూ రండి, చెరో పక్కా కలుపుదాం."

"ఈ చేతులతోనా!" అని ఉలిక్కిపడ్డాడాయన.

ఇరవై ఇళ్ళవాళ్ళూ ఆయన్నే చూస్తున్నారు. తానన్న మాట తన చెవికే తగిలి, పుండరీకయ్య తల వంచుకున్నాడు. "తప్పు నాదే. చేతులు మానేదాకా ఎవరినీ బానలో దించను. వాళ్ళ గింజలు ఆపను" అన్నాడు.

"ఇంకొక్క మాట బాబూ" అంది మరిడమ్మ. "మనుషులం. మీకూ మాకూ మళ్ళీ ఎప్పుడైనా పడకపోవచ్చు. కోపమొస్తే శాలకు తాళం వేసుకోండి. గాదెకు మాత్రం వెయ్యొద్దు. గొడవ పెద్దలది, ఆకలి పిల్లలది."

పుండరీకయ్య సరేనన్నాడు. కట్లు కట్టిన చేతులతో మొలలోని గాదె తాళంచెవి తీయలేక అవస్థపడుతుంటే గురవయ్య వెళ్ళి సాయం పట్టాడు.

మర్నాడు వెతికితే మూల బానలో మాత్రం అడుగున కాస్త ప్రాణం కనిపించింది. దాన్నే తోడు వేసి మరిడమ్మ మిగతావాటిని ఒక్కొక్కటే లేపింది. తలపాగాలు పదిహేను రోజులు ఆలస్యంగా వెళ్ళాయి. అందుకని రాజుగారి తలేమీ ఊడిపడలేదు.

ఆ తరువాత నీలిపేటలో పంతాలు రాకపోలేదు, శాల మూతపడకపోలేదు. కానీ పిల్లల గింజలు ఒక్కపూట కూడా ఆగలేదు. పైడమ్మ బిడ్డ బొద్దుగా పెరిగి, ఊళ్ళో అందరి చంకా ఎక్కింది.

కాబట్టి పిల్లలూ, పెద్దల పంతం పసివాళ్ళ కంచం దాకా రాకూడదు. వచ్చినా సరే, కలిసి వండుకుని తినే ఊరిని ఏ తాళమూ లొంగదీయలేదు.